జీడిమెట్లలో ఇరవై మైక్రాన్ల కోసం

జీడిమెట్ల పేరెత్తితే హైదరాబాద్‌లో చాలామందికి ముందు గుర్తొచ్చేది వాసన. రాత్రిపూట షాపూర్‌నగర్ మీదుగా బైక్ మీద వెళ్లినవాళ్లకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఫార్మా కంపెనీల గోడలు, గేట్ల ముందు వరసగా ఆగిన లారీలు, ఎటు చూసినా రేకుల షెడ్లు. 'వీకెండ్ ఎక్కడికి పోతున్నావ్?' అని టీమ్‌లో ఎవరైనా అడిగితే 'జీడిమెట్ల' అంటాను. జోక్ అనుకుని నవ్వుతారు. కారణం చెబితే ఇంకాస్త నవ్వుతారు. నేను పోయేది ఒక ఎయిర్ రైఫిల్ కింద బిగించే అల్యూమినియం పట్టీ కోసం.

నాలుగు నెలల్లో నేను చూసిన జీడిమెట్ల గురించి, ఆ పట్టీ గురించి, ఆ పట్టీ చేసిచ్చిన మనుషులకు రేపు ఏం కాబోతోందో దాని గురించి ఈ ముచ్చట.

బల్ల మీద పెట్టి కాల్చే ఆట

మన ఊళ్లో రైఫిల్ అనగానే గుర్తొచ్చే పేరు గగన్ నారంగ్. హైదరాబాద్‌లో పెరిగి, 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాడు. ఆ ఆటలో నిలబడి కాల్చాలి, టెలిస్కోప్ ఉండదు. పది పాయింట్లిచ్చే చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. దానికి చిన్నప్పటి నుంచీ శిక్షణ కావాలి. నడుము, ఊపిరి, గుండె చప్పుడు అన్నీ చెప్పిన మాట వినాలి. రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చుని కోడ్ రాసేవాడి నడుము ఎవరి మాటా వినదు.

బెంచ్‌రెస్ట్ ఈ ఆటకు చిన్నాన్న కొడుకు లాంటిది. ఇందులో కూర్చుని కాలుస్తాం. ముందు ఒక బరువైన బల్ల. రైఫిల్ ముందు భాగం ఒక స్టాండు మీద, వెనక భాగం ఇసుక సంచి మీద ఉంటాయి. పైన టెలిస్కోప్ ఉంటుంది. ఎయిర్ రైఫిల్ అయితే 25 మీటర్ల దూరంలో ఒక కార్డు పెడతారు. దాని మీద 25 టార్గెట్లు. ఒక్కో దానికి ఒక్కటే పెల్లెట్, ఒక్కో దానికి గరిష్ఠంగా 10 పాయింట్లు, మొత్తం 250. దీనికి ప్రపంచ స్థాయిలో వరల్డ్ రిమ్‌ఫైర్ అండ్ ఎయిర్ రైఫిల్ బెంచ్‌రెస్ట్ ఫెడరేషన్ అనే సంస్థ ఉంది, రూల్ బుక్ ఉంది, పోటీలున్నాయి. మాది మాత్రం చిన్న లోకం. మేం ఆరుగురం నెలకోసారి కలుస్తాం, ఒకరి కార్డు ఒకరు దిద్దుకుంటాం. ఓడినవాడు బిర్యానీ పెట్టించాలి.

బల్ల మీద పెట్టి టెలిస్కోప్‌లో చూసి కాల్చడంలో కష్టమేముంది అనిపిస్తోందా? కాస్త లెక్క చూడండి. ముందు స్టాండుకీ వెనక సంచికీ మధ్య దూరం అర మీటరు. టార్గెట్ 25 మీటర్లు. అంటే యాభై రెట్లు. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో ముందు స్టాండు 20 మైక్రాన్లు కదిలిందంటే, టార్గెట్ దగ్గర గురి ఒక మిల్లీమీటరు తప్పుతుంది. ఇరవై మైక్రాన్లంటే మన తల వెంట్రుక మందంలో మూడో వంతు కూడా ఉండదు. నిలబడి కాల్చే ఆటలో ఒళ్లు కదలకుండా చూసుకోవాలి. ఇక్కడ ఆ బాధ్యత మనం ఇనుముకీ అల్యూమినియానికీ అప్పగిస్తున్నాం. కాబట్టి సగం ఆట కాల్చకముందే, వర్క్‌షాపులోనే నడుస్తుంది.

పవర్ పెంచడం కాదు

'ఎయిర్ రైఫిల్ కస్టమైజ్ చేయిస్తున్నా' అంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒక్కటే: 'పవర్ ఎంత పెంచావ్?' బుల్లెట్ బండికి సైలెన్సర్ మార్పించినట్టు అనుకుంటారు. ఇక్కడ ముందు చట్టం తెలుసుకోవాలి. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల క్యాలిబర్, 20 జౌల్స్ శక్తి దాటని ఎయిర్ రైఫిల్‌కు మన దేశంలో లైసెన్స్ అక్కర్లేదు. దాటిందంటే లైసెన్స్ ఉండాల్సిందే.

బెంచ్‌రెస్ట్‌లో తేలికపాటి విభాగానికి శక్తి పరిమితి 12 ఫుట్ పౌండ్లు. లెక్కేస్తే సుమారు 16.3 జౌల్స్, మన గీతకు లోపలే. బరువు విభాగానికి 20 ఫుట్ పౌండ్లు, అంటే 27 జౌల్స్ పైనే. అది గీత దాటిపోతుంది. అందుకే మేమంతా తేలికపాటి విభాగంలోనే ఆడతాం. పైగా ఈ ఆటలో పవర్ వల్ల పాయింట్లు రావు. ప్రతి పెల్లెట్ ముందు దానిలాగే వెళ్లాలి, అంతే.

అర గ్రాము పైచిలుకు బరువుండే 8.44 గ్రెయిన్ల పెల్లెట్ 12 ఫుట్ పౌండ్లతో బయల్దేరితే వేగం సెకనుకు దాదాపు 244 మీటర్లు. 25 మీటర్లు చేరేసరికి సెకనులో పదో వంతు దాటుతుంది. ఆ కాస్త సమయంలోనే అది ఆరు సెంటీమీటర్లు కిందికి జారుతుంది. ఒక పెల్లెట్ వేగం ఒక్క శాతం తేడాగా వచ్చిందా, టార్గెట్ దగ్గర ఒక మిల్లీమీటరు పైనే ఎక్కువతక్కువ అవుతుంది. అందుకే ఈ రైఫిళ్లలో సిలిండర్‌కీ వాల్వుకీ మధ్య రెగ్యులేటర్ ఉంటుంది. సిలిండర్‌లో 200 బార్ల ఒత్తిడి ఉన్నా, కాలుస్తుంటే అది 150కి పడిపోయినా, వాల్వుకు అందే గాలి మాత్రం ఒకేలా ఉండేలా అది చూస్తుంది. ఇంట్లో గ్యాస్ సిలిండర్ మీద ఉండే రెగ్యులేటర్ కూడా చేసేది దాదాపు ఇదే పని.

నా రైఫిల్‌లో రెగ్యులేటర్ కంపెనీ నుంచే వచ్చింది. బ్యారెల్ బాగుంది. ఇబ్బందంతా కింద కట్టె దగ్గరే. చేత్తో పట్టుకోవడానికి వీలుగా గుండ్రంగా చెక్కిన స్టాక్ అది. చేతిలో హాయిగా ఉంటుంది, స్టాండు మీద పెడితే మాత్రం ఉయ్యాల ఊగుతుంది. దానికి కింద చదునైన, వెడల్పాటి పట్టీ ఒకటి బిగించాలి. రైఫిల్ వెనక్కి జరిగినా గురి మారకుండా ఆ పట్టీ బ్యారెల్‌కు సమాంతరంగా ఉండాలి. నా రైఫిల్ మోడల్‌కి అలాంటిది రెడీమేడ్‌గా దొరకదు. చేయించుకోవాల్సిందే.

నర్సాపూర్ రోడ్డు పట్టుకుని

మేం ఉండేది కేపీహెచ్‌బీలో. మెట్రోలో బాలానగర్ స్టేషన్ రెండో స్టాప్. అక్కడ దిగి షేర్ ఆటో ఎక్కితే బాలానగర్ చౌరస్తా, ఆ తర్వాత నర్సాపూర్ రోడ్డు. హైదరాబాద్ ఐటీ సిటీ అవ్వకముందు ఏం సిటీయో తెలుసుకోవాలంటే ఈ రోడ్డు మీద అరగంట ప్రయాణం చాలు.

బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, అందరూ సీఐటీడీ అంటారు. ఐక్యరాజ్యసమితి సంస్థల సాయంతో కేంద్ర ప్రభుత్వం 1968లో పెట్టింది. అచ్చులు, డైలు, జిగ్గులు ఎలా చేయాలో కొన్ని తరాలకు నేర్పింది. కాస్త ముందుకెళ్తే ఐడీపీఎల్. దేశానికి చవగ్గా మందులు చేయాలని 1960ల్లో కట్టిన ప్రభుత్వ కంపెనీ. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి మొదట్లో ఉద్యోగం చేసిందక్కడే. చింతల్ దగ్గర హెచ్‌ఎంటీ, అదీ ఆ దశకంలో వచ్చిందే. మనకు హెచ్‌ఎంటీ అంటే తాతగారి చేతి గడియారం. ఈ రోడ్డు మీదివాళ్లకు హెచ్‌ఎంటీ అంటే యంత్రాలను తయారుచేసే యంత్రాలు.

ఆ పెద్ద కంపెనీలకు బోల్టులు, బుష్‌లు, షాఫ్టులు చేసివ్వడానికి చుట్టూ చిన్న షెడ్లు పుట్టాయి. పెద్దవాటి వెలుగు తగ్గినా షెడ్లు మిగిలాయి. బాలానగర్‌లో మొదలై జీడిమెట్ల ఐడీఏ ఫేజుల దాకా ఇవే. బోర్డుల మీద 'ఆల్ కైండ్స్ ఆఫ్ జాబ్ వర్క్స్', 'వైర్ కట్', 'వీఎంసీ', 'గేర్ కటింగ్', 'హీట్ ట్రీట్‌మెంట్' అని ఉంటుంది. లోపల్నుంచి కూలెంట్ నూనె వాసన, కాలిన ఇనుము వాసన. ఒక షాపు చేయని పని పక్క షాపు చేస్తుంది. పని సగంలో ఉన్న జాబ్ చేత్తో పట్టుకుని కుర్రాళ్లు రోడ్డు దాటుతుంటారు. కొన్ని వందల కంపెనీలు కలిసి ఒకే ఫ్యాక్టరీ నడుపుతున్నట్టు ఉంటుంది.

'టాలరెన్స్ ఏది బిడ్డా?'

నేను వెళ్లిన షెడ్డులో రెండు లేత్‌లు, ఒక మిల్లింగ్ మిషన్, ఒక సర్ఫేస్ గ్రైండర్ ఉన్నాయి. నడిపే ఆయనకు అరవై ఏళ్లుంటాయి. ఎనభైల్లో హెచ్‌ఎంటీలో అప్రెంటిస్ చేశాడట. కుర్రాళ్లు 'ఉస్తాద్' అంటారు, నేను 'కాకా' అంటాను.

ఫోన్‌లో డ్రాయింగ్ చూపించాను. రెండు వేళ్లతో జూమ్ చేసి చూశాడు.

"బొమ్మ మంచిగనే ఉంది. టాలరెన్స్ ఏది బిడ్డా?"

"చదును ఇరవై మైక్రాన్లలోపు ఉండాలి కాకా."

"గంత ఎందుకు? విమానానికి పెడుతున్నవా?"

ఎయిర్ రైఫిల్ అని చెప్పాను. ఆయన ఫోన్ తిరిగి నా చేతిలో పెట్టేశాడు. రైఫిల్ కొన్న బిల్లు, నిబంధనల కాపీ చూపించి, 25 మీటర్ల ఆట ఏంటో కాగితం మీద గీసి చెప్పాను. కాసేపు ఆలోచించి ఒక షరతు పెట్టాడు.

"గాలి పోయే తొవ్వ నేను ముట్ట. బ్యారెల్, వాల్వు, సిలిండర్ ఏదీ నా షాపులకు తేవద్దు. కింద పట్టీ, స్టాండు చేసిస్త. అవి చేస్తె ఎవ్వరికి భయపడేది లేదు."

ఇంతకన్నా మంచి రూలు ఏ గైడ్‌లోనూ నాకు కనిపించలేదు. 200 బార్ల ఒత్తిడి నిండిన సిలిండర్‌తో ఆటలాడకూడదు. శక్తిని మార్చే భాగాల జోలికి పోతే అది చట్టానికీ ప్రాణానికీ సంబంధించిన వ్యవహారం. అందుకే నా రైఫిల్‌లో గాలి దారి మొత్తం కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది. ట్రిగ్గర్ బరువు కూడా కంపెనీ ఇచ్చిన స్క్రూతో ఎంత తగ్గుతుందో అంతే.

పట్టీకి రాణిగంజ్ నుంచి అల్యూమినియం ప్లేటు తెచ్చాను. 250 మిల్లీమీటర్ల పొడవు, 55 వెడల్పు, 12 మందం. నా అంచనా ప్రకారం అది ఒక పూట పని. కాకా మూడు రోజులు తీసుకున్నాడు. కారణం చూపించాడు కూడా. ప్లేటుకు ఒకవైపు మిల్లింగ్ చేసి వైస్ వదులు చేయగానే అది సన్నగా వంగింది. కంటికి కనబడదు, డయల్ గేజ్ ముల్లు చెబుతుంది. లోపల ఉన్న బిగువు ఒకవైపు చెక్కగానే ఇంకోవైపు లాగుతుందట. అందుకే రెండు వైపులా కొంచెం కొంచెం చెక్కి, ఒక రాత్రి వదిలేసి, మర్నాడు మళ్లీ తిప్పితిప్పి సన్నటి కోతలు వేశాడు. గ్రైండర్ మీద ఎందుకు పెట్టలేదని అడిగితే, "అల్మీనం అయస్కాంతానికి అంటుకుంటదా?" అన్నాడు. సర్ఫేస్ గ్రైండర్‌లో జాబ్‌ను పట్టి ఉంచేది మ్యాగ్నెటిక్ చక్ మరి.

చివరికి గ్రానైట్ సర్ఫేస్ ప్లేట్ మీద పట్టీ పెట్టి డయల్ నడిపించాడు. ముల్లు ఒకటిన్నర గీత కదిలింది. ఒక గీత అంటే పది మైక్రాన్లు. పదిహేను! నేను ఆఫీసులో రోజూ వాడే సంఖ్యలకు దశాంశం తర్వాత పదిహేను స్థానాలు ఊరికే వస్తాయి. ఇక్కడ రెండో స్థానం తర్వాత ప్రతి అంకెకూ ఒక మనిషి, ఒక రాత్రి ఖర్చవుతాయి.

తర్వాత స్టాండు. పైకీ కిందికీ జరిపే స్క్రూ సన్నటి మరలతో ఉండాలి, ఒక చుట్టుకు ఒక మిల్లీమీటరు. దాని తలకాయ 60 మిల్లీమీటర్ల వ్యాసంతో, వేళ్లు జారకుండా అంచున నర్లింగ్ చేశాడు. ఇప్పుడు వేలి కొసతో దాని అంచు నాలుగు మిల్లీమీటర్లు తిప్పితే 25 మీటర్ల దూరంలో గురి ఒక్క మిల్లీమీటరు కదులుతుంది. స్క్రూలో 'ప్లే' ఉండకూడదని నట్టు ఇత్తడితో చేసి, దాన్ని మధ్యలో చీల్చి, బిగించడానికి ఇంకో చిన్న స్క్రూ పెట్టాడు. అది నా డ్రాయింగ్‌లో లేదు. "అరిగినంక బిగించుకోనీకి" అన్నాడు. పదేళ్ల తర్వాత అరుగుదల గురించి ఆయనకు ముందే తెలుసు.

తేలికపాటి విభాగంలో టెలిస్కోప్‌తో కలిపి బరువు 10.5 పౌండ్లు, అంటే సుమారు 4.76 కిలోలు దాటకూడదు. నా రైఫిల్ టెలిస్కోప్‌తో 3.85. పట్టీ 440 గ్రాములు. మిగిలిన ఖాళీలో 400 గ్రాముల ఇత్తడి దిమ్మ పట్టీ ముందు కొసకు బిగించాం. బరువు ముందుకు పడితే రైఫిల్ స్టాండు మీద బుద్ధిగా కూర్చుంటుంది.

పెల్లెట్ల పని ఇంట్లోనే. 500 ఉన్న డబ్బా తెరిచి, మిల్లీగ్రాములు చూపించే చిన్న కాటా మీద ఒక్కొక్కటీ తూచి, గిన్నెల్లో వేరు చేయాలి. అమ్మ చూసి "బియ్యంలో రాళ్లు ఏరమంటే మాత్రం నీకు చేతకాదు" అంది.

శామీర్‌పేట కోళ్ల షెడ్డు

మా రేంజ్ శామీర్‌పేట దాటాక ఒక మిత్రుడి కోళ్ల షెడ్డు. ఒక బ్యాచ్ కోళ్లు అమ్మేశాక కొత్త పిల్లలు వచ్చేదాకా కొన్ని వారాలు ఖాళీగా ఉంటుంది. పొడవు చాలు, కాంపౌండ్ ఉంది, చివర మట్టి బస్తాల గోడ కట్టాం. గేటు మూశాకే రైఫిళ్లు బయటికి తీస్తాం.

ఒక్కటే చిక్కు. కోళ్ల షెడ్డు పక్కలకు గోడ ఉండదు, జాలీ ఉంటుంది. గాలి అడ్డంగా వీస్తుంది. సెకనుకు ఒక మీటరు గాలి అంటే చెంప మీద తెలిసీ తెలియనంత. అది చాలు, 25 మీటర్లలో పెల్లెట్‌ను అర సెంటీమీటరు పైనే పక్కకు తోయడానికి. పెల్లెట్ వెడల్పే 4.5 మిల్లీమీటర్లు. అందుకని టార్గెట్ దాకా కర్రలు పాతి రిబ్బన్లు కట్టాం. టెలిస్కోప్‌లో ఒక కన్ను, రిబ్బన్ల మీద ఒక కన్ను. రిబ్బన్ వాలినప్పుడు ఆగాలి, అది మళ్లీ ముందులా ఊగినప్పుడు నొక్కాలి.

పట్టీ బిగించక ముందు నా చివరి మూడు కార్డుల సగటు 224. బిగించాక మొదటి మూడు కార్డుల సగటు 237. పదమూడు పాయింట్లు జీడిమెట్ల ఇచ్చింది. మిగిలిన పదమూడూ గాలి దగ్గర్నుంచి నేను సంపాదించుకోవాలి. కార్డు ఫొటో వాట్సాప్‌లో పంపితే కాకా కాసేపటికి వాయిస్ మెసేజ్ పెట్టాడు: "ఎడమ దిక్కు పోతున్నయి అన్ని. స్టాండు కాదు, నీ చెంప గట్టిగ ఆనిస్తున్నవ్ చూడు." ఆయన జీవితంలో ఎయిర్ రైఫిల్ కాల్చలేదు. ఒక జాబ్ ఎటు లాగుతోందో చూసి బలం ఎక్కణ్నుంచి పడుతోందో చెప్పడం ఆయనకు అలవాటు.

షెడ్డు పోతే ఏం పోతుంది?

2025 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం హిల్ట్ పాలసీ తెచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు లోపలున్న పాత పారిశ్రామికవాడల్లోని తొమ్మిది వేల ఎకరాలకు పైగా భూమిని, ఫీజు కట్టి, ఇళ్లకూ ఆఫీసులకూ మార్చుకునే వీలు కల్పించే విధానం. జాబితాలో జీడిమెట్ల, బాలానగర్ ఉన్నాయి. దీని మీద రాజకీయ గొడవ మీరు రీల్స్‌లో చూసే ఉంటారు. నేను దాని జోలికి పోను.

ఇక్కడ కాలుష్యం నిజం. చుట్టుపక్కల కాలనీల వాళ్లు దశాబ్దాలుగా ఆ గాలి పీలుస్తున్నారు. కెమికల్ యూనిట్లు ఊరి బయటికి పోవాలని వాళ్లు అడగడంలో తప్పేమీ లేదు. కానీ 'జీడిమెట్ల ఖాళీ చేయాలి' అన్నప్పుడు అందులో రెండు రకాల జీడిమెట్లలున్నాయని గుర్తుపెట్టుకోవాలి. పెద్ద ఫ్యాక్టరీకి సొంత భూమి ఉంటుంది. మారిస్తే ఓనరుకు లాభం, ఇంకోచోట స్థలం కొనుక్కోగలడు. కాకా ఉండేది అద్దె షెడ్డులో. ఆయన వల్ల వాసన రాదు. భూమి రేటు పెరిగితే ఆయనకొచ్చేది రూపాయి కాదు, ఖాళీ చేయమనే ఫోన్.

పోనీ లేత్‌లు లారీకెక్కించి ఔటర్ అవతల దింపుకోవచ్చుగా? లేత్ కదులుతుంది. వైర్ కట్ షాపు, హీట్ ట్రీట్‌మెంట్ షాపు, ఇత్తడి రాడ్ ముక్క కోసి ఇచ్చే కొట్టు అన్నీ నడిచే దూరంలో ఉండటమే ఆ లేత్‌కు విలువ. నా చిన్న స్టాండు నాలుగు షాపులు తిరిగి పూర్తయింది. ఆ నాలుగూ నాలుగు దిక్కులకు చెదిరితే ఎవరి దగ్గర యంత్రం వాళ్ల దగ్గరే ఉంటుంది, ఈ పట్టీ మాత్రం తయారవ్వదు. స్టార్టప్ చేసే మా ఫ్రెండ్స్ చాలామంది ప్రొటోటైప్ పార్టులు చేయించేది కూడా ఇలాంటి సందుల్లోనే.

"మీకు భయం లేదా కాకా?" అని అడిగాను. "నాకేం భయం, నా పని అయిపాయె. పోరలు రానే వస్తలేరు, అందరు డెలివరీ బండ్లెక్కిన్రు. ఈ చెయ్యి ఎవరికి ఇచ్చి పోవాలె, గదే" అన్నాడు. తర్వాత చక్ తాళం తిప్పుతూ పనిలో పడిపోయాడు.

మీరూ ఒకసారి వెళ్లి చూడండి. ఆదివారం చాలా షాపులు మూసుంటాయి, శనివారం పొద్దున మంచిది. బాలానగర్ మెట్రోలో దిగి షాపూర్‌నగర్ వైపు షేర్ ఆటో ఎక్కండి. సైకిల్‌కో, డ్రోన్‌కో, కెమెరా స్టాండుకో ఏదో ఒక చిన్న పార్టు డ్రాయింగ్ వెంట పెట్టుకెళ్లండి. పని లేకుండా నిలబడితే ఎవరూ మాట్లాడరు, పనితో వెళ్తే టీ కూడా ఇప్పిస్తారు.

వచ్చే శనివారం నాకు వెనక ఇసుక సంచి కింద పెట్టే దిమ్మ పని ఉంది. డ్రాయింగ్ గీయడం అయిపోయింది. ఇప్పుడు రిబ్బన్లు చదవడం నేర్చుకోవాలి. అది ఏ లేత్ మీదా అవ్వదు.